ఎలుగుబంటి దాటిన నది

“అయితే నా చెవులు అబద్ధం చెబుతున్నాయంటావా?” అంది అత్తగారు, ఒలుస్తున్న బఠాణీకాయను పళ్ళెంలోకి విసిరేస్తూ.

“నేనలా అన్నానా అత్తయ్యా? టీచరు ఏమందో ఇంకోసారి నిదానంగా చెప్పమన్నాను, అంతే.”

“ఎన్నిసార్లు చెప్పను? గేటు దగ్గర నన్ను పక్కకి పిలిచింది. మీ మనవరాలు చదవడంలో బాగా వెనకబడింది, సోమవారం నుంచి చదువు గంటలో రెండో తరగతి పిల్లలతో కూర్చోబెడదామనుకుంటున్నాను, ఇంట్లోవాళ్ళని ఒకసారి వచ్చి మాట్లాడమనండి అంది. పైగా నవ్వుతూ! నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ నా మంచం మీద కూర్చుని గడగడా కథలు చదివేది ఎవరు మరి? ఆవిడా?”

ఈ గొడవ పిల్ల బడినుంచి వచ్చిన దగ్గర్నుంచీ సాగుతూనే ఉంది. వంటింట్లో మొదలై, టీ గ్లాసులతోపాటు ముందుగదిలోకి వచ్చి, ఇప్పుడు కుట్టుమిషను పక్కన తీరిగ్గా కూర్చుంది. కోడలు బట్టల కొట్టాయన పంపిన బడిపిల్లల చొక్కాలకి కాలర్లు కుడుతోంది. కిటికీ పక్కన నీలం గుడ్డ గుట్టగా పడి ఉంది. సీజను మొదలైతే ఆ గుట్ట తరిగేదీ లేదు, ఆమె మిషను దిగేదీ లేదు.

“రేపు నేను వెళ్తాను,” అన్నాడు భర్త. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు రెండూ వేణ్ణీళ్ళ టబ్బులో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. బస్సు నడిపి వచ్చాక గంటసేపు ఆ మనిషి ఉండే తీరే అది. వీధి వీధంతా అతన్ని డ్రైవరుగారనే అంటుంది. కోపమొచ్చినప్పుడు కన్నతల్లి కూడా అంతే. “తాడో పేడో తేల్చుకొస్తాను. పొద్దుటి డ్యూటీ కూడా మార్చేసుకున్నాను.”

“ఎప్పుడు మార్చుకున్నారు?”

“ఇందాక. ఫోన్లో.”

“విషయం పూర్తిగా వినకుండానే డ్యూటీ మార్చేసుకున్నారా?”

“వినేదేముంది? నా కూతురు ఆ ఎలుగుబంటి కథ చదువుతుంటే మా డిపోలో అందరూ పని మానేసి విన్నారు. పుస్తకం వంక సరిగ్గా చూడకుండానే చదివేస్తోంది కదయ్యా అన్నాడు మా కండక్టరు.”

“అన్నాడా! వినమ్మాయ్, విను,” అంది అత్తగారు, తీర్పు వచ్చేసినట్టు. “నా మాట కాదనుకో, వాడి మాట కాదనుకో. కండక్టరు మాట కూడా కాదంటావా?”

కోడలు కాలరు మలుపు దగ్గర గుడ్డ తిప్పుతూ కట్టింగ్ టేబులు కిందికి ఓ చూపు చూసింది. గొడవకి కారణమైన మనిషి అక్కడ బోర్లా పడుకుని, గుండీల డబ్బా కుమ్మరించుకుని, రంగులవారీగా కుప్పలు పెడుతోంది. పుట్టినప్పట్నుంచీ నోరు మూతపడదని దాన్ని ఇంట్లో పిచిక అంటారు. ఈ సాయంత్రం మాత్రం పిచిక నోట కిచకిచ లేదు. తెల్లగుండీల కుప్పలో నల్లగుండీలు పడుతున్నా చూసుకోవడం లేదు.

“నువ్వే చెప్పు,” అన్నాడు డ్రైవరు, ఒక కన్ను మాత్రం తెరిచి. “రోజూ నీ పక్కన కూర్చునేగా చదువుతుంది. చదవలేదా?”

“చదువుతుంది,” అందామె.

అలా అన్నదే గానీ, తల ఎత్తి అతని వంక చూడలేదు.

పిల్ల చదువు విషయంలో ఆ ఇంట్లో ఎవరూ తక్కువ చేసింది లేదు. ఎవరి పూట వాళ్ళకుంది. సాయంత్రం పిచిక పీట తెచ్చుకుని మిషను పక్కన కూర్చుంటుంది. తల్లి చేతులు గుడ్డ మీద, కళ్ళు సూది మీద, చెవులు పిల్ల మీద. కొత్త పాఠమైతే ముందు తను చదివి వినిపిస్తుంది. ఆ తర్వాత పిల్ల అందుకుంటుంది. ఎక్కడైనా ఆగితే మిషను తొక్కుతూనే తల్లి తర్వాతి మాట అందిస్తుంది. లెక్కలు తండ్రివి. రోజంతా రోడ్డు చూసీ చూసీ ఎర్రబడ్డ కళ్ళు మూసుకుని, “బస్సులో ముప్ఫైమంది ఉన్నారు, మార్కెట్ దగ్గర పన్నెండుమంది దిగారు, ఐదుగురు ఎక్కారు, ఇప్పుడెంతమంది?” అని అడుగుతాడు. పిల్ల టక్కున చెబుతుంది. పడుకునే ముందు నానమ్మ వంతు. నానమ్మ కళ్ళకి పొరలు కమ్మాయి. ఇంకొన్నాళ్ళాగి ఆపరేషను చేద్దామన్నాడు డాక్టరు. మంచం మీద పిల్ల పక్కన చేరి ఎలుగుబంటి కథ మొదలుపెడితే, “మా టీచరమ్మ, మా టీచరమ్మ” అంటూ ఆవిడ మురిసిపోతుంది.

ఇంతమంది వింటున్నారు. చెవులు రిక్కించుకుని మరీ వింటున్నారు. అయినా ఆమె మనసులో ఎక్కడో ఒక గుండుసూది మిగిలిపోయింది.

అది పోయిన వారం సంగతి. చేతులు ఖాళీ లేక, “అలమరలోంచి హుక్కుల డబ్బా ఇవ్వమ్మా” అని పిల్లకి చెప్పింది. అలమరలో డబ్బాలన్నీ ఒకటే రకం. ఒక్కోదాంట్లో ఏముందో పైన తనే పెద్ద పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. పిచిక మాత్రం ఒక్కో డబ్బా తీసి, చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. ఊపి, వద్దని పెట్టేసి, ఇంకోటి తీసింది. చివరికి హుక్కులే తెచ్చి ఇచ్చింది. “దీని తెలివి చూడండి!” అని ఆ రోజు అందరికీ చెప్పి నవ్వింది తను. ఇవాళ ఎందుకో నవ్వు రావడం లేదు.

గొడవ తేలకుండానే చల్లబడింది. డ్రైవరు కాళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి పడుకున్నాడు. అత్తగారు బఠాణీలు వంటింట్లో పెట్టి, ఈ అన్యాయాన్ని కింది వాటా ఆవిడకి చెప్పుకోవడానికి గోడ పట్టుకుని మెట్లు దిగింది. ముందుగదిలో తల్లీ కూతురూ మిగిలారు.

“పిచికా, ఇలా రా. పుస్తకం తెచ్చుకో.”

“ఇవాళ వద్దమ్మా.”

“ఎలుగుబంటి కథే చదువు. నాకు వినాలనుంది.”

ఎలుగుబంటి అనేసరికి పిల్ల ముఖం కొంచెం తేటపడింది. పీట లాక్కుని కూర్చుంది. తల్లి కొత్త కాలరు సూది కింద పెట్టింది. మిషను కదిలింది. పిల్ల గొంతూ కదిలింది.

“అనగనగా ఒక ఎలుగుబంటి. దానికి ఒక ఎర్ర గొడుగు ఉంది. గొడుగంటే దానికి ప్రాణం. ఒకరోజు పెద్ద గాలి వచ్చి గొడుగును ఎత్తుకుపోయింది...”

ఎంత బాగా చదువుతుందో! గాలికి ఒక గొంతు, ఎలుగుబంటికి ఒక గొంతు. ఎలుగుబంటి తలుపు తీసుకుని వానలోకి వెళ్ళింది. నది ఒడ్డుకి వచ్చింది. నదిని చూసి భయపడింది. తాబేలుని బతిమాలుకుంది. తల్లి మనసు తేలికపడింది. టీచరేదో పొరబడి ఉంటుంది. నలభైమంది పిల్లల్లో ఆవిడకి మాత్రం ఎంతమంది గొంతులు వినపడతాయి?

సరిగ్గా అప్పుడే మిషను కింద దారం అయిపోయింది. సూది ఉత్తినే గుడ్డలో పొడిచి లేస్తోంది. ఆమె మిషను ఆపింది.

పిచిక కూడా ఆగింది. “తాబేలు ఇలా అంది” దగ్గర ఆగి, తల్లి కాలి వంక చూసింది. మిషను ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నట్టు ఉంది ఆ చూపు.

“ఆగావేం? చదువు. నేను దారం చుట్టుకుంటాను.”

“నువ్వు కుట్టు, నేను చదువుతా.”

“కుట్టకపోతే చదవవా?”

పిల్ల తల అడ్డంగా ఊపి, మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి తల్లి కళ్ళకి పని లేదు. చేత్తో దారం చుడుతూ, చాలా రోజుల తర్వాత కూతురు చదువుతుంటే పుస్తకం వంక చూసింది.

“తాబేలు ఇలా అంది. నా వీపు మీద కూర్చో, భయపడకు. ఎలుగుబంటి కూర్చుంది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నది మధ్యకి వచ్చాక...”

పుస్తకంలో నది లేదు. తాబేలు లేదు. పిల్ల ముందు తెరిచి ఉన్న పేజీలో ఎలుగుబంటి కుంపటి పక్కన కూర్చుని ఒళ్ళు ఆరబెట్టుకుంటోంది, పక్కన గొడుగుంది. కథ నది మధ్యలో ఉంటే పుస్తకం ఇంటికి చేరిపోయింది. పిల్ల వేలు మాత్రం వరస తప్పకుండా ఒక్కో అక్షరం కిందా జరుగుతూనే ఉంది, మెల్లగా, బుద్ధిగా.

దారం చుట్టే చెయ్యి ఆగిపోయింది.

“ఆ పుస్తకం ఓసారి ఇవ్వమ్మా.”

పేజీ వెనక్కి తిప్పి చూసింది. మందంగా తగిలింది. రెండు కాగితాలు అంచుల వెంబడి అతుక్కుని ఒకటైపోయాయి. అప్పుడు గుర్తొచ్చింది. బడి తెరిచిన కొత్తలో పుస్తకం కుట్టు ఊడిపోతే అత్తగారు పిండి ఉడికించి జిగురు చేసి, చేతులతో తడుముకుంటూ తనే అతికించింది. “నా మనవరాలి పుస్తకం, నేనే బాగు చేస్తాను” అని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. జిగురు ఎక్కువైంది. అప్పట్నుంచీ ఈ పేజీలు తెరుచుకోలేదు. అప్పట్నుంచీ పిల్ల ఈ కథ రోజూ చదువుతూనే ఉంది. తను వింటూనే ఉంది. ఒక్క మాట తప్పు పోలేదు.

మిషను సొరుగులోంచి కుట్లు విప్పే చిన్న కత్తి తీసింది. కాగితాల మధ్య మొన దూర్చి, నొప్పి తెలియకుండా ముల్లు తీసినట్టు, మెల్లగా జరిపింది. పేజీలు విడిపోయాయి. లోపల నది ఉంది. ఎండ తగలక, చేతులు తగలక, ఆ నీలం కొత్తగా మెరుస్తోంది.

“అమ్మా! తాబేలు!” పిచిక పీట మీదనుంచి లేచి పుస్తకం మీదికి వంగింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి. “ఈ బొమ్మ ఎక్కడికి పోయిందా అనుకున్నా. ఇక్కడే ఉందా!”

తల్లికి ఇంకేమీ అడగాల్సిన అవసరం లేకపోయింది. అయినా అడిగింది. గొంతు మారకుండా జాగ్రత్తపడింది.

“ఇదేమిటి చెప్పు?” అని వరస మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టింది.

పిల్ల ఆ మాట వంక చూడలేదు. వరస మొదటికి పోయి, పెదవులు కదుపుకుంటూ, లోపల్లోపల కథ చెప్పుకుంటూ వేలి దాకా వచ్చింది. “చల్లగా,” అంది.

అక్కడున్నది ‘నీళ్ళు’.

పుస్తకం చివర, ఇంకా తను చదివి వినిపించని పాఠం తీసింది. బొమ్మలో ఒక అమ్మాయి మొక్కలకి నీళ్ళు పోస్తోంది. పిచిక బొమ్మ వంక చూసి, “ఒక అమ్మాయి మొక్కలకి నీళ్ళు పోస్తోంది,” అని చదివే గొంతుతో చెప్పింది. చెప్పి తల్లి ముఖం చూసింది. అక్కడ రాసి ఉన్నది బొమ్మలోని అమ్మాయి పక్కింటి తాతకి పంటినొప్పి వచ్చిన సంగతి.

పిల్ల గౌను అంచు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

“నువ్వు ఒకసారి చదువమ్మా,” అంది చిన్నగా. “నువ్వు చదివితే నాకు వచ్చేస్తుంది. టీచరు ముందు చదవదు. నన్నే ముందు చదవమంటుంది. అందుకే రాదు.”

“అక్షరాలు తెలుసు కదమ్మా నీకు?”

“తెలుసు. ఒక్కోటీ ఉంటే తెలుసు. అన్నీ కలిసి వచ్చేస్తే...” రెండు చేతులూ గుప్పిళ్ళు చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించింది. “అప్పుడు గబగబా అయిపోతాయి. నేను చూసేలోపల నువ్వు చెప్పేస్తావు.”

ఆ మాట ఆమెకి సూటిగా తగిలింది. నిజమే. ఎన్నిసార్లు! పిల్ల ఒక్క క్షణం ఆగితే చాలు, కుట్టు ఆగకూడదని, కాలరు వంకర పోకూడదని తల ఎత్తకుండా మాట అందించేసింది. అందిస్తున్నందుకు లోపల్లోపల గర్వపడింది కూడా, ఎంత పనిలో ఉన్నా పిల్లని వదిలెయ్యని తల్లినని.

“అమ్మా, నాన్నకి చెప్పకు.” పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నానమ్మకి అస్సలు చెప్పకు. నానమ్మ నన్ను టీచరమ్మ అంటుంది.”

తల్లి పిల్లని దగ్గరికి లాక్కుంది. పిల్ల తలమీద అంటుకున్న దారప్పోగులు ఒక్కోటీ తీసింది. తిడితే బాగుండునేమో, పిల్ల ఏడ్చేసి తేలికపడేది. కానీ తిట్టాల్సిన తప్పు పిల్ల దగ్గర కనబడలేదు. పుస్తకం మొత్తం బుర్రలో పెట్టుకుని తిరుగుతోంది, ఇంతకన్నా కష్టపడి ఎవరు చదువుతారు? వినేవాళ్ళకి ఏం కావాలో కనుక్కుని, అదే తెచ్చి ఇచ్చింది. డబ్బా ఊపి హుక్కులు తెచ్చినట్టు.

“మరి మీ టీచరు చెప్పినట్టు చిన్నపిల్లల దగ్గర కూర్చుంటావా?”

“అక్కడ మెల్లగా చదువుతారు,” అంది పిచిక. “నేను తలుపు దగ్గరనుంచి చూశా. టీచరు వేలు పట్టుకుని చదివిస్తుంది. ఒకబ్బాయి ఒకటే మాట ఎంతసేపు చదివాడో! ఎవరూ నవ్వలేదు.”

“నీకు వెళ్ళాలనుందా?”

పిల్ల గౌను అంచు విప్పి మళ్ళీ వేలికి చుట్టుకుంది. తలుపు దగ్గర నిలబడి అంతసేపు చూసిందంటే అది చాలదూ, అనుకుంది తల్లి.

రేపు పొద్దున్న డ్రైవరు యూనిఫారం వేసుకుని బడికి వెళ్తాడు. గొంతు పెంచుతాడు. అతని గొంతు ఎలాంటిదో ఆమెకి తెలుసు, బస్సు చివరి సీటు దాకా వినపడే గొంతు. పాపం ఆ టీచరు, మీ ఇష్టమండీ అని ఊరుకుంటుంది. పిచిక మూడో తరగతి బెంచీ మీదే కూర్చుంటుంది. ఎవరో ఒకరు ముందు చదివే దాకా నోరు తెరవకుండా, నాలుగో తరగతికీ, ఐదో తరగతికీ వెళ్తుంది. అంతా గడగడా చదువుతుందని ఇంట్లో మురుస్తూనే ఉంటారు. ఆ తర్వాత ఒకరోజు బుర్రలో పట్టని పుస్తకం వస్తుంది.

కూతురి వేలు తన వేళ్ళలోకి తీసుకుని నది పేజీ మీద పెట్టింది. మిషను మీద సగం కుట్టిన కాలరు అలాగే ఉంది. “నీ,” అంది పిల్ల. ఆగింది. తల్లి నోటి దాకా వచ్చిన మాటని పళ్ళ వెనకే ఆపుకుంది. అబ్బ, ఎంత కష్టం ఊరుకోవడం! పిల్ల పెదవి కొరుక్కుంది. అక్షరం కింద వేలు అటూ ఇటూ కదిలింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. “ళ్ళు... నీళ్ళు,” అంది పిచిక, తనే ఆశ్చర్యపోయినట్టు. “నీళ్ళే కదా?”

“నన్నడుగుతావేం? నువ్వేగా చదివింది.”

పిల్ల పుస్తకం వంకా తల్లి వంకా చూసి, మూతి పక్కకి తిప్పుకుని నవ్వింది.

భోజనాల వేళకి అందరూ బల్ల చుట్టూ చేరారు. కింది వాటా ఆవిడ తన పక్షమే తీసుకుందని అత్తగారు ఉత్సాహంగా ఉంది. డ్రైవరు ఇస్త్రీ చేసిన చొక్కా తలుపుకి తగిలించి, టీచరుతో అనబోయే మాటలు ఒకసారి సాధన చేశాడు కూడా. “చూడండమ్మా, మేం చదువుకున్నవాళ్ళం కాకపోవచ్చు...”

“మీరు పదో తరగతి పాసయ్యారు,” అంది భార్య, కూర వడ్డిస్తూ.

“మాటకి అంటాంలే. అలా అంటే మెత్తబడతారు.”

“మిషను చప్పుడు ఆగిపోయిందేం అమ్మాయ్?” అంది అత్తగారు. “వస్తూ తడిమి చూశాను, గుడ్డ కప్పి ఉంది. పాడైందా?”

“పాడవలేదత్తయ్యా. నేనే కప్పాను.”

ఆమె తన కంచం ముందు కూర్చుంది. పక్కన పిచిక తల వంచుకుని ఉంది. బల్ల కింద పిల్ల చెయ్యి వెతుక్కుంటూ వచ్చి, తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

“రేపు బడికి నేను వెళ్తాను,” అందామె.

“ఇద్దరం వెళ్దాం,” అన్నాడు డ్రైవరు వెంటనే. “నువ్వు మెత్తగా మొదలుపెట్టు, నేను గట్టిగా ముగిస్తాను.”

“నేనొక్కదాన్నే వెళ్తాను. పోట్లాడటానికి కాదు. టీచరు చెప్పింది నిజం. పిచిక మనందరికీ కథ చెబుతోంది, చదవట్లేదు. నేను రోజూ ముందు చదివి పెడుతుంటే అది విని నేర్చుకుంది. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని విన్నాను గానీ ఒక్కసారి పుస్తకంలోకి తొంగిచూడలేదు. అది నా పొరపాటు, దానిది కాదు.”

డ్రైవరు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “మరి డిపోలో చదివిందీ...”

“పుస్తకం వంక సరిగ్గా చూడకుండా చదివిందని మీ కండక్టరు చెప్పాడు కదా. మనం వినిపించుకోలేదు.”

అతను కూతురి పాపిట వంక చూశాడు. ముద్ద కంచంలో పెట్టేసి, మెల్లగా చెయ్యి చాచి పిల్ల నెత్తిమీద ఒక్కసారి తట్టాడు. “కథ మాత్రం బ్రహ్మాండంగా చెప్పావే,” అన్నాడు. “డిపో మొత్తం నమ్మేసింది.”

“నానమ్మా,” అంది పిచిక, తల ఎత్తకుండానే. “నీకు కోపమొచ్చిందా?”

అత్తగారు ఎటు చూస్తోందో తెలియని కళ్ళతో మనవరాలి గొంతు వచ్చిన వైపు తిరిగింది. “కోపమెందుకే? నేను మాత్రం చూశానా?” అంది. తర్వాత బెంగగా, “అయితే ఇక రాత్రుళ్ళు నాకు చదవవా?” అంది.

“చదువుతుందత్తయ్యా. నెమ్మదిగా చదువుతుంది. రాత్రికి రెండు వరసలే కావచ్చు. మీరు కథ తెలుసు కదా అని ముందు అందించకూడదు.”

“నేనెందుకు అందిస్తాను!” అని, ఒక్క క్షణం ఆగి, “కష్టమే,” అని ఒప్పుకుంది ఆవిడ.

“సోమవారం నుంచి చిన్నపిల్లల దగ్గర కూర్చోబెట్టమని టీచరుకి చెప్పి వస్తాను. రేపటినుంచి సాయంత్రం అది పుస్తకం తీసే వేళకి మిషను మీద గుడ్డ కప్పేస్తాను, ఇవాళ్టిలాగే. చదవడం అయ్యేదాకా తియ్యను. కొట్టాయనకి కూడా ఇందాక ఫోన్లో చెప్పేశాను, ఈ సీజను సగం చొక్కాలే కుట్టి ఇస్తానని,” అందామె. చెప్పి, కూతురి కంచంలోకి ఇంకొంచెం కూర వడ్డించింది.